నలభై గ్రాములు

ఇంకా గంట ఉంది. డాక్టరమ్మ పదకొండంది, గోడ గడియారం ఇప్పుడే పది కొట్టింది, ఈ గంటలో నేను చెయ్యవలసినవి రెండే పనులు, వాణ్ణి తూచాలి, ఇంట్లో ఆవిడకి చెప్పాలి. రెండూ పెద్ద పనులేం కావు. తూచడం నా వృత్తి, ముప్ఫై ఐదేళ్ళుగా కాటాలూ తక్కెళ్ళూ బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. చెప్పడమంటారా, అంతకన్నా కాస్త తక్కువ కాలంగా ఆవిడతో మాట్లాడుతూనే ఉన్నాను. అయినా ఇదుగో ఇలా బల్ల ముందు కూర్చుని ఒక తక్కెడ పళ్ళేనికి గొలుసు తగిలించి, తీసి, మళ్ళీ తగిలిస్తున్నాను. వాడు నా కాళ్ళ దగ్గర పాత దుప్పటి మీద పడుకుని ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు గానీ నిద్ర కాదు. నిద్రపోయేటప్పుడు వాడి ఎడమ చెవి వెనక్కి వాలిపోతుంది, ఇప్పుడు నిలబడే ఉంది, అంటే వింటున్నాడు. నా గొలుసు చప్పుడు వింటున్నాడు, పెరట్లో ఆవిడ దుప్పట్లు పిండుతున్న చప్పుడు వింటున్నాడు. రోజుకి రెండు దుప్పట్లు, ఒక్కోరోజు మూడు. వాడి వెనక కాళ్ళు పడిపోయి నెల దాటింది, ఎక్కడ పడుకుంటే అక్కడే అన్నీ. చిన్నప్పుడు ఒక్కసారి గడప మీద పోసి తిట్లు తిన్నవాడు, పదమూడేళ్ళు మళ్ళీ ఆ తప్పు చెయ్యనివాడు, ఇప్పుడు తడిసిన ప్రతిసారీ మొహం గోడవైపు తిప్పుకుంటాడు. తడి కన్నా ఆ మొహం తిప్పుకోవడమే నాకు కష్టంగా ఉంటుంది.

నిన్న సాయంత్రం డాక్టరమ్మ వాడి నడుమంతా నొక్కి చూసి, చేతులు కడుక్కుని, నన్ను గేటు దాకా రమ్మంది. "ఇంక మందులతో అయ్యేది లేదండీ. వాడు ఓర్చుకుంటున్నాడు, అంతే. మీరు సరేనంటే రేపు పదకొండింటికి వస్తాను. ముందు నిద్రకి ఒక సూది, బాగా నిద్రపోయాక రెండోది, వాడికేమీ తెలియదు" అంది. తర్వాత, "మొదటిదానికి బరువు కచ్చితంగా కావాలి, మీకు నేను చెప్పాలా" అని నవ్వబోయి మానేసింది. సరేనన్నాను. ఎంత తొందరగా అన్నానంటే, ఆ మాట ముందే నోట్లో పెట్టుకుని కూర్చున్నట్టు అనిపించి నాకే సిగ్గేసింది. ఇంట్లోకి వచ్చాక ఆవిడ "ఏమందండీ?" అంటే "రేపు మళ్ళీ వచ్చి సూది వేస్తుందట" అన్నాను. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు, తూచేటప్పుడు బొటనవేలు పళ్ళెం అంచుకి ఆనించి ఉంచినట్టు.

వాడు ఈ ఇంటికి తక్కెడలోనే వచ్చాడు. కూరగాయలమ్మే ఆవిడ, అప్పట్లో ఇంకా మార్కెట్ మూలన నేల మీద కూర్చుని అమ్మేది, గొలుసు తెగిన తక్కెడని బుట్టలో పెట్టుకొచ్చి నా బల్ల మీద దించింది. పైన కప్పిన గోనెపట్టా తీస్తే పళ్ళెంలో చుట్టచుట్టుకుని గోధుమరంగు ముద్ద ఒకటి, కుక్కపిల్ల. "తక్కెడ నాది. అది నాది కాదన్నా" అంది. మరి నీ బుట్టలో ఎందుకుందమ్మా అంటే "దాన్నే అడుగు" అంది. అడిగాను. ఆవులించింది. చేతికి ఏది దొరికినా తూచడం నాకో జబ్బు, దాన్నీ తూచాను. కిలో మీద నలభై గ్రాములు. తూకపు రాళ్ళ పెట్టె మూత లోపలివైపు, అక్కడ నాన్న రాసుకున్న గీతల కింద, పెన్సిల్‌తో 1 కిలో అని రాశాను. మా ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, వద్దనలేదు, కావాలనలేదు, పేరేం పెడతారంది. కిలో అన్నాను. "మరి ఆ నలభై గ్రాములో?" "పిలవడానికి బావుండదే." "కొట్లో వాడు నలభై గ్రాములు కొట్టేస్తే దొంగంటారు, మీరు కొట్టేస్తే పేరంటారా?" అంది. తర్వాత వాడు ఇరవై మూడున్నర కిలోలయ్యాడు, అయినా కిలోయే. కోపం వచ్చినప్పుడు మాత్రం ఆవిడ "ఒరేయ్ నలభై గ్రాముల వెధవా" అని పిలిచేది, దానికీ పలికేవాడు, అసలు దానికే ముందు పలికేవాడు.

వాడికి పని నేర్పింది నేనే. పెద్ద కాటా బాగుచేశాక రాళ్ళు పెట్టి సరిచూసి ఇస్తే జనానికి నమ్మకం కుదరదు, నీ రాళ్ళే తేడా ఏమో అన్నట్టు చూస్తారు. ఒకరోజు తమాషాకి వాణ్ణి ముందు నా కాటా మీద, తర్వాత బాగుచేసిన కాటా మీద ఎక్కించాను. రెండింట్లోనూ ముల్లు ఒకే గీత మీద ఆగింది. బస్తాల కొట్టు యజమాని పగలబడి నవ్వి, చెయ్యి కలిపి, కాటా తీసుకెళ్ళాడు. అప్పట్నుంచి అదే పద్ధతి. "కుక్కతో తూచి చూపించు" అని అడిగేవాళ్ళు. చిక్కల్లా వాడి తోకతో. మనిషి కనబడితే చాలు ఊపుతాడు, తోక ఊగితే ముల్లు ఊగుతుంది, ముల్లు నిలవనిదే తూకం లేదు. మూడు ఊపిరులు ఆగి గానీ ముల్లు చదవకూడదు అనేవాడు మా నాన్న, తొందరపడి మొదటి ఊపిరికే చదివేవాడికి దేవుడు కూడా కళ్ళజోడు ఇవ్వలేడనేవాడు. ఆ మూడు ఊపిరులూ వీడు కదలకుండా కూర్చోవడానికి ఒక వర్షాకాలమంతా పట్టింది. చివరికి నేర్చుకున్నాడు. "తూకం" అంటే ఎక్కి కూర్చుంటాడు. తోక బిగబట్టి ఇనుప పలక మీద ఆనిస్తాడు. కళ్ళు నా మొహం మీదే. మళ్ళీ నేను "దిగు" అనేదాకా ఈగ వాలినా కదలడు. దిగు అన్నానంటే, అంతసేపూ దాచుకున్న ఊపుడంతా ఒక్కసారే, వెనక సగం శరీరమే తోకైపోయినట్టు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను మాత్రం ఆ బిగబట్టుకోవడం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. సంతోషాన్ని ఆపుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఎవరు చెప్పారు వాడికి, ఎందుకు చేస్తున్నాడు, నేను అడిగానని, అంతే కదా.

గడియారం పదీ పది. చెప్పాలి. పెరట్లోకి వెళ్ళి, ఇదుగో, ఆ దుప్పటి పక్కన పెట్టు, ఒక మాట, అనాలి. అంటే ఆవిడ ఏమంటుంది? నిన్నటిదాకా పుంజుకుంటున్నాడన్నారు కదండీ, అంటుంది. అదే నన్ను ఈ కుర్చీలో కట్టేసింది. ప్రతి సోమవారం వాణ్ణి తూస్తాను, ఎన్నో ఏళ్ళ అలవాటు, ఆవిడ లోపల్నుంచి "ఎంతున్నాడు?" అని అడుగుతుంది, నేను చెబుతాను. ఆరు నెలల కిందట ఒక సోమవారం కిలోన్నర తగ్గాడు. ఎంతున్నాడని ఆవిడ అడిగింది, అప్పుడే వాడికి పాలలో రొట్టె నానబెడుతోంది, ఆ గిన్నె మీదికి వంగిన మెడ చూసి "అంతే ఉన్నాడు" అన్నాను. ఒక్క మాట. ఆ తర్వాత వారం ఇంకో కిలో పోయింది, పాత అబద్ధానికి ఆసరా ఇవ్వకపోతే కూలిపోతుంది, "పావుకిలో పెరిగాడు" అన్నాను. పెట్టె మూత లోపల మాత్రం నిజమే రాశాను, ఇరవై రెండు, ఇరవై ఒకటి, పద్దెనిమిదిన్నర, పదహారు. మూత మీద ఒక మాట, నోటి మీద ఒక మాట. తూకం తప్పకుండా చెయ్యడమే నా పూజ అని నమ్మినవాణ్ణి, పొద్దున్నే దేవుడి గది ముందు నిలబడి కళ్ళు మూసుకుంటే ముందు వచ్చే మాటే అది, నా చేత తప్పు తూకం చేయించకు స్వామీ అని. ఆరు నెలలుగా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు గొంతు తడబడుతోంది. ఆయన విననట్టే ఊరుకుంటున్నాడు. ఆయన ఊరుకోవడానికి అర్థమేమిటో నాకెప్పుడూ తెలియలేదు.

ఇంకో ప్రార్థన కూడా ఉంది, అది ఇంకా బరువు. వీడు ప్రతి ఉదయం నేను దణ్ణం పెట్టుకునేంతసేపూ గడప అవతల ముందరికాళ్ళ మీద గడ్డం ఆనించి పడుకుంటాడు, లోపలికి రాడు, నేను ముగించి వెనక్కి తిరిగేసరికి లేచి నిలబడతాడు. ఈ నెలంతా లేవడం లేదు, మెడ మాత్రం ఎత్తుతాడు. అలా వాడు నా వెనకే ఉండగా, వినేంత దూరంలో, వాణ్ణి నువ్వే తీసుకుపో అని అడిగాను. రాత్రికి రాత్రి నిద్రలో తీసుకుపో, నా నోటితో చెప్పించకు. అడిగి వెనక్కి తిరిగితే నావైపే చూస్తున్నాడు. అడిగింది వాడి కోసమా? నా నడుం పట్టేసి మూడు వారాలైంది. వాణ్ణి ఎత్తి పెరట్లోకి మొయ్యడం ఆవిడ వంతే అయింది, ఆవిడ మణికట్లు రెండూ వాచాయి, ఇల్లంతా ఒకటే వాసన, ఇద్దరం సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. వాడు పోతే కాస్త నడుం వాల్చొచ్చు అని, నిజం చెప్పొద్దూ, ఆ ఆలోచన కూడా ఆ ప్రార్థనలో కలిసి ఉంది. చక్కెరలో రవ్వ కలిసినట్టు, వేరుచెయ్యలేను. స్వామీ, నువ్వు వేరుచేసి వింటావా, కలిపి వింటావా?

అర్థంకాని సంగతి ఇంకొకటి. వాడు బాగా తింటున్నాడు. ప్రతి సాయంత్రం అడుగుతాను, తిన్నాడా అని, "గిన్నె నాకేశాడు" అంటుంది ఆవిడ. గిన్నె చూస్తే ఖాళీయే. అంత తింటూ మనిషి, అంటే వాడు, ఎలా తగ్గిపోతాడు? ఒక సోమవారం నాకు నా కాటా మీదే అనుమానం వచ్చింది. మొత్తం విప్పేశాను. స్ప్రింగు తీసి నూనెతో కడిగాను, పలక కింద దుమ్ము దులిపాను, రాళ్ళు పెట్టి చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. మళ్ళీ వాణ్ణి ఎక్కించాను. పద్నాలుగు కిలోల వంద గ్రాములు. ఆవిడ అబద్ధం చెప్పదు, కాటా అబద్ధం చెప్పదు, మరి ఎవరు? ఊళ్ళో అందరి కాటాలూ నిలబెట్టినవాణ్ణి నా ఇంట్లో ముల్లు ముందు నిలబడి తెల్లమొహం వేశాను.

"అన్నా, నా తక్కెడ అయిందా?"

కూరగాయలావిడ. ఇప్పుడు మార్కెట్లో గది ఉంది, నేల మీద కూర్చోవడం లేదు, గొంతు మాత్రం అప్పటిదే, వీధి చివరికి వినబడాలి. నా చేతిలో ఉన్నది ఆవిడ పాత తక్కెడే, అమ్మడానికి వాడదు, గదిలో వేలాడదియ్యడానికి కావాలట. అవుతోందమ్మా అన్నాను. "అవుతోందంటే ఎప్పటికి? గొలుసు తగిలించడానికి ముహూర్తం చూస్తున్నావా? ఏడీ, మన రాయి ఏడీ, ఒకసారి ఎక్కించు, తూకం సరిచూసుకుని పోతా" అంటూ బల్ల ఇవతలికి వచ్చి కిందికి చూసింది.  వాడు తలెత్తి, ఆవిణ్ణి గుర్తుపట్టి, తోక ఊపబోయాడు. తోక చివర ఒక్కటే కదిలింది. ఆవిడ కింద కూర్చుంది. చీర కుచ్చిళ్ళు తడి దుప్పటికి తగులుతున్నా చూసుకోలేదు. చాలాసేపు వాడి చెవి వెనక గోకింది. "నా బుట్టలో వచ్చావురా నువ్వు" అంది వాడితో. నాతో, గొంతు బాగా తగ్గించి, "ఇంకా ఎందుకన్నా వీణ్ణి ఇలా?" అంది.

"పదకొండింటికి డాక్టరమ్మ వస్తోంది."

"దానికేనా?"

"దానికే."

"వదినకి చెప్పావా?"

"లేదు."

"ఎప్పుడు చెప్తావు, పన్నెండింటికా?"

చేతిలో గొలుసు తీసి మళ్ళీ తగిలించాను. ఆవిడ లేచింది, కొంగుతో ముక్కు తుడుచుకుంది, తక్కెడ తర్వాత తీసుకుంటానంది, గడప దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "వదిన గట్టిది. నువ్వే నానిన పెసరబద్దలా ఉన్నావు. నీ గురించే వదిన ఏమీ అనడం లేదేమో, అది చూసుకో" అని వెళ్ళిపోయింది. వెళ్ళాక ఆ మాట గదిలో ఉండిపోయింది. నీ గురించే. అలా నేనెప్పుడూ అనుకోలేదు. మా ఆవిణ్ణి నేను కాపాడుతున్నాననే అనుకున్నాను, ఆవిడ కూడా ఎవరినైనా కాపాడుతూ ఉండొచ్చని తోచలేదు. పెరట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. గోడ మీద బూడిదరంగు పిల్లి కూర్చుని ఒళ్ళు నాక్కుంటోంది, కిటికీలోంచి కనబడుతోంది, ఈమధ్య బాగా ఒళ్ళు చేసింది, కడుపుతో ఉందేమో అనుకున్నాను మొన్న. ఆ గోడ కిందే వీడి గొయ్యి. ఎండ ముదిరిందంటే చాలు కుళాయి పక్క చల్లటి మట్టి తవ్వుకుని అందులో పొట్ట ఆనించి పడుకునేవాడు, నేను పూడ్చేవాణ్ణి, మళ్ళీ తవ్వేవాడు, పదమూడేళ్ళు మా ఇద్దరికీ అదే పోట్లాట. పోయిన వేసవిలో నేనే పూడ్చడం మానేశాను. ఎవరు గెలిచారో మాట్లాడుకోలేదు.

పదిన్నర. మా ఆవిడ వచ్చింది. చేతులు మోచేతుల దాకా తడి, జుట్టు ఊడి చెంపకి అంటుకుని ఉంది. "సూదికి ముందు ఏమైనా పెట్టొచ్చా, పెట్టకూడదా, అడిగారా?" అంది. అడగలేదన్నాను. "బరువు చూడమంది" అన్నాను, అదైనా నిజమే కదా అని. "అయితే చూడండి, నేను ఎత్తుతా, మీరు వంగొద్దు" అని, నేను వద్దనేలోపే వాడి పొట్ట కింద చేతులు పోనిచ్చి దుప్పటితో సహా లేపింది. సోమవారాలు ఆవిడ లేనప్పుడో, వంటగదిలో ఉన్నప్పుడో, నేనే దుప్పటి పట్టి లాగి ఎక్కించేవాణ్ణి, ముల్లు ఆవిడ కంట పడకుండా ఒళ్ళు అడ్డం పెట్టి. ఇప్పుడు ముల్లుకి ఆవిడ మొహమే ఎదురుగా ఉంది. వాణ్ణి పలక మీద పడుకోబెట్టింది. అలవాటుగా నా నోట్లోంచి "తూకం" అని వచ్చేసింది. వాడు, వెనక కాళ్ళు లేనివాడు, ముందరికాళ్ళ మీద ఛాతీ లేపి, తల నిలబెట్టి, నా మొహంలోకి చూస్తూ బిగుసుకున్నాడు. ముల్లు ఊగింది. ఒక ఊపిరి. రెండు. మూడు.

"పద్నాలుగు కిలోల ఆరు వందల యాభై" అన్నాను. "దుప్పటి కిలో రెండు వందల యాభై. తీసేస్తే పదమూడు కిలోల నాలుగు వందలు."

ఆవిడ అరవలేదు. ముల్లు చూసింది, నన్ను చూసింది. "పోయిన సోమవారం ఇరవై నాలుగన్నారు."

"అబద్ధం చెప్పాను."

"అంతకుముందు?"

"అన్నీ అబద్ధమే. ఆరు నెలలుగా."

ఆవిడ నెమ్మదిగా తన చేతులు రెండూ ఎత్తి, తిప్పి, అరచేతులు చూసుకుంది, అవి ఎవరివో అన్నట్టు. "రోజూ ఎత్తుతున్నాను కదా, తేలికవుతున్నాడు, తేలికవుతున్నాడు అనిపిస్తూనే ఉంది. మీరేమో పెరిగాడంటారు. మీ కాటా తప్పు చెప్పదు కదా అని..." ఆగింది. "నా చేతులకే బలం వచ్చిందనుకున్నానండీ." అని నవ్వింది, లేదా ఏడ్చింది, ఏదో ఒకటి మొదలై రెండోదిగా మారింది, నేను చెప్పలేను. "నేనూ అంతే. గిన్నె నాకేశాడని చెప్పేదాన్ని కదా. వాడు ముట్టుకోక ఎన్నాళ్ళో. మూతి తడుపుకుని వదిలేస్తాడు. మీరు బెంగపడతారని మిగిలిందంతా గోడ అవతల పెట్టేదాన్ని. ఆ పిల్లి అంత లావెక్కింది, చూడలేదూ?" నేను కిటికీ వైపు చూశాను. పిల్లి మా ఇద్దరి వైపూ చూసి, ఆవులించి, ఇంకో వైపు తిరిగి కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. ఆరు నెలలు, వాడు తింటున్నాడని నేను నా కాటా విప్పుకున్నాను, వాడు పెరుగుతున్నాడని ఆవిడ తన చేతుల్ని నమ్మలేదు. ఒకరి అబద్ధం ఒకరికి మందులా పోసుకుంటూ, మధ్యలో ఉన్నవాడి నొప్పి మాత్రం ఇద్దరం లెక్కలోంచి జారవిడిచాం.

"ఇవాళ్టి సూది..." అన్నాను.

"ఆ సూదేనా?"

"ఆ సూదే."

ఆవిడ అక్కడే, కాటా పక్కన నేల మీద, ఒక్కసారిగా కూర్చుంది. ఎంతో దూరం మోసుకొచ్చిన మూట దించినట్టు ఊపిరి వదిలి, "హమ్మయ్య" అంది. అని ఉలిక్కిపడి చేత్తో నోరు మూసుకుంది. భయంగా నావైపు చూసింది, దేవుడి గది వైపు చూసింది. ఆ మాట నిన్న గేటు దగ్గర నా నోట్లో ఉండి పైకి రానిదే. అదే మాట, అంతే బరువు. "నేను కూడా అదే అనుకున్నాను" అన్నాను. "నిజంగా?" "నిన్న సాయంత్రం నుంచీ." ఆవిడ నోటి మీంచి చెయ్యి తీసి ఆ చెయ్యి వాడి వీపు మీద వేసింది. వీపు మీద ఎముకలు గొలుసులా తేలి ఉన్నాయి. "తప్పేమోనండీ" అంది. నాకు తెలియదన్నాను. నిజంగా తెలియదు. ఈ గంటలో మొదటిసారి తెలియదన్న మాటకి నాకు భయం వెయ్యలేదు. తెలియనిది ఆయన దగ్గర పెట్టొచ్చు. ఇన్నాళ్ళూ తెలిసినదాన్ని దాచుకోవడం వల్లే చెయ్యి నొప్పి పెట్టింది.

తర్వాత కాసేపు ఆవిడ వాడి వీపు నిమురుతూనే ఉంది. పది నిమిషాలుండొచ్చు. ఆవిడ లేచి మొహం కడుక్కుని, గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, తడి గుడ్డతో వాడి కాళ్ళు, పొట్ట కింద, తోక మొదలు, అన్నీ తుడిచింది. తడిసినది లాగేసి పొడి దుప్పటి వేసింది. "మళ్ళీ దించడమెందుకు, ఎత్తిన ప్రతిసారీ మూలుగుతాడు, ఇక్కడే ఉండనీ" అంటే సరేనన్నాను. నాకు ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. సిగ్గుపడాల్సినంత తేలిక. పెళ్ళైన కొత్తలో ఇద్దరం ఒకే గొడుగులో పనికి వెళ్ళిన రోజొకటి గుర్తొచ్చింది, అది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో, ఆవిడ భుజం తడుస్తోందని నేనూ, నా భుజం తడుస్తోందని ఆవిడా గొడుగు అటూ ఇటూ నెట్టుకుని చివరికి ఇద్దరం ముద్దయిపోయాం, మధ్యలో గొడుగు మాత్రం వీధికి పట్టాం. అంతే, మేం ఎప్పుడూ ఇంతే.

పదకొండుకి రెండు నిమిషాల ముందు గేటు చప్పుడైంది. డాక్టరమ్మ చిన్న సంచీతో వచ్చి, చెప్పులు బయట విడిచి, కాటా మీద ఉన్నవాణ్ణి చూసి ఒక్క క్షణం ఆగింది. "బరువు?" అంది. "పదమూడు కిలోల నాలుగు వందలు" అన్నాను. మా ఆవిడ వింటోంది. గొంతు తడబడలేదు. డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని మందు తీసింది. "పట్టుకోవాలా?" అంది ఆవిడ. "అక్కర్లేదండీ, ఏమీ కదలడం లేదు, చాలా బుద్ధిమంతుడు" అంటూనే డాక్టరమ్మ మొదటి సూది వేసింది. అప్పుడు చూశాను. ముందరికాళ్ళు వణుకుతున్నాయి. ఛాతీ ఇంకా లేపే ఉంచాడు. తోక దుప్పటి దాటి ఇనుప పలక మీద బిగబట్టి ఆనించి ఉంది. కళ్ళు నా మొహం మీదే. నేను దిగు అనలేదు. పదిన్నరకి తూకం అన్నాను, మాటల్లో పడి, నవ్వుల్లో పడి, దిగు అనడం మరిచిపోయాను, దుప్పటి మార్చినా, తుడిచినా, సూది దిగినా, అరగంట నుంచీ, రెండు కాళ్ళ మీద, వాడు పనిలోనే ఉన్నాడు.

నడుం సంగతి మరిచిపోయి వంగాను. వాడి చెవి దగ్గర, అలవాటైన గొంతుతో, బల్ల దగ్గర నలుగురు ఉన్నప్పుడు ఎలా అంటానో అలాగే, "దిగు" అన్నాను. "అయిపోయింది నాన్నా. సరిగ్గా ఉంది. ఇంక దిగు."

ఛాతీ దుప్పటి మీదికి దిగింది. గడ్డం ముందరికాళ్ళ మీద ఆనింది. తోక పలక మీద కొట్టింది, ఒకసారి, రెండోసారి, ముల్లు ఎగిరెగిరి పడింది. మూడోది సగంలో ఆగింది, మందు అందుకుంది. ఎడమ చెవి వెనక్కి వాలింది. "నిద్రపోయాడు" అని డాక్టరమ్మ కన్నా ముందు ఆవిడే అంది.

రెండో సూది వేసేటప్పుడు నేను ముల్లునే చూస్తున్నాను. వాడి ఊపిరికి అది సన్నగా వణుకుతోంది, గీతకి అటు ఒక వెంట్రుక, ఇటు ఒక వెంట్రుక. ఒక ఊపిరి. చాలాసేపటికి రెండోది. మూడోదాని కోసం ఆగాను. నాన్న చెప్పినట్టే ఆగాను. ముల్లు నిలిచింది. నా జీవితంలో ఇంత నిలకడగా నిలిచిన ముల్లు చూడలేదు. డాక్టరమ్మ చెవి గొట్టం పెట్టి విని తల ఊపింది. బరువు మాత్రం ఏమీ తగ్గలేదు. అదే గీత. పోయినదానికి బరువే లేకపోతే, మరి ఇంతసేపూ ఈ ముల్లుని ఊపింది ఏమిటి? నేను తూచగలిగినదంతా ఇక్కడే ఉంది. తూచలేనిది నీ దగ్గరికి వచ్చి ఉంటుంది స్వామీ, చూసుకో, తోక ఊపనివ్వు, నీ దగ్గర ముల్లుతో పని లేదు కదా.

గొయ్యి తవ్వడానికి ఎంతోసేపు పట్టలేదు. కుళాయి పక్కన సగానికి పైగా వాడే తవ్వి పెట్టుకున్నాడు. మట్టి మెత్తగా, చల్లగా ఉంది. నేను పలుగు వెయ్యబోతే ఆవిడ లాక్కుంది, ఆవిడ మణికట్టు చూసి నేను లాక్కున్నాను, మళ్ళీ గొడుగు లాగే అవుతోందని ఇద్దరికీ ఒకేసారి తట్టి, వంతులేసుకున్నాం. ఈసారి పూడ్చడం నా వంతే వచ్చింది. ఇంక తవ్వడు కదా అని తోచి ఒక్కసారి మాత్రం చెయ్యి ఆగింది.

ఇప్పుడు ఎండ బల్ల కాళ్ళ దాకా వచ్చింది. ఇల్లు శుభ్రంగా, తడి నేల వాసనతో ఉంది. ఆవిడ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. రాళ్ళ పెట్టె తెచ్చి మూత తెరిచి ఆవిడ ముందు పెట్టాను, ఇంక దాచేదేం లేదని. చేయి దూరంలో పట్టుకుని, కళ్ళు చికిలించి, కింది నుంచి పైకి చదివింది, పద్నాలుగు, పదహారు, పద్దెనిమిదిన్నర, పైకి పోయే కొద్దీ వాడు పెరుగుతున్నాడు, ఇరవై రెండు, ఇరవై మూడున్నర, మళ్ళీ చిన్నవాడవుతున్నాడు, పదకొండు, ఆరు, మూడు. అన్నిటికన్నా పైన ఉన్నదాని దగ్గర వేలు ఆపింది.

"ఆ నలభై గ్రాములు ఇంకా కొట్టేసే ఉంచారా?"

పెన్సిల్ వెతికి, కత్తితో చెక్కి, చోటు ఉందో లేదో చూశాను. ఉంది. 1 కిలో పక్కన ఆ చోటు పదమూడేళ్ళుగా అలాగే ఖాళీగా ఉంది. నలభై గ్రాములు అని అక్షరాల్లో రాశాను, కింద చిట్టచివర ఇవాళ్టిది కూడా రాశాను, చూపిద్దామని తిరిగేసరికి ఆవిడ గోడకి తల వాల్చి నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరిచి, అరచేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పడేసి, నెల తర్వాత మొదటి నిద్ర. బల్ల మీద కూరగాయలావిడ తక్కెడ ఇంకా సగంలోనే ఉంది. గొలుసు చప్పుడు కాకుండా రెండు చేతులతో ఎత్తి దాన్ని పక్కన పెట్టాను. దేవుడి గది ముందుకి వెళ్ళి నిలబడ్డాను. ఆ తూకం మాట దగ్గర ఇవాళ గొంతు తడబడలేదు.